పట్నం వారితో సంబంధం

సంజీవరావు ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. పర్చూరు దాటాక బస్సు దిగడం, ఊళ్లో ఇంటింటా ప్రశ్నలు అడగడం, సాయంత్రం బస్సుకి గుంటూరు చేరడం. ఊరు పూర్తిచేస్తే సర్వేలో ఉద్యోగం ఖాయం. లేదంటే రేపటి నుంచి ఇంట్లో కూర్చోవచ్చు. సర్వే నడిపే ఆచార్యులవారి నియమాలు గట్టివి. అచ్చువేసిన ప్రశ్నలో మాట మార్చకూడదు. వరస తప్పకూడదు. అర్థం చెప్పకూడదు, కావాలంటే మళ్లీ చదవాలి. అందరినీ ఒకేలా అడిగితేనే జవాబులు పోల్చి చూడగలమని ఆయన సిద్ధాంతం.

మొదటి ఇల్లు పేరయ్యది. అతను సంజీవరావు ఇంటిపేరు విని, మనవాళ్లేనని తేల్చుకుని, మిరపకాయలు ఎండబోసిన వాకిట్లో మంచం వాల్చాడు. భూమి ఎంత, పెళ్లి కావలసిన ఆడపిల్లలున్నారా అన్నవి సాఫీగా జరిగాయి. ఉంది, మాణిక్యమ్మ, ఎనిమిదో తరగతి చదివింది.

"పట్నం వారితో సంబంధం మీకు ఇష్టమేనా?" అని చదివాడు సంజీవరావు. ఆచార్యులవారి ఉద్దేశం రాకపోకల గురించి.

పేరయ్య అతని ఇస్త్రీ చొక్కా వంక చూశాడు. "పట్నం వారంటే... తమరేనాండీ?"

"అర్థం చెప్పకూడదండీ. వరస కూడా తప్పకూడదు. పట్నం వారితో సంబంధం మీకు ఇష్టమేనా?"

రెండోసారి అడిగాడంటే గట్టిగానే అనుకున్నాడని పేరయ్యకు అర్థమైపోయింది. భార్యను కేకేశాడు. "హనుమాయమ్మా, పాయసం పెట్టవే!"

పక్కింటి యలమందయ్య పేరయ్యకి బావమరిది. అక్కడా అదే ప్రశ్న, అదే వరస, అక్కడా పెళ్లీడు పిల్ల, అక్కడా పాయసం. మధ్యాహ్నం బావాబావమరుదులు గట్టు మీద కలుసుకుని జవాబులు పోల్చి చూసుకున్నారు. ఆచార్యులవారి సిద్ధాంతం ఇంత చక్కగా రుజువు కావడం అదే మొదటిసారి.

మూడో ఇంట్లో ఉన్న సంజీవరావును ఇద్దరూ రెక్క పుచ్చుకుని పేరయ్య ఇంటి వాకిట్లోకి లాక్కొచ్చారు.

"ఒక్క పెళ్లికొడుకు ఎన్ని గడపలు తొక్కుతాడయ్యా!" అని అరిచాడు యలమందయ్య.

"సంబంధమంటే పెళ్లి కాదండీ, రాకపోకలు!" సంజీవరావు నియమం తప్పి అర్థం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

"మా జవాబులు కొట్టెయ్యి," అన్నాడు పేరయ్య. ఊళ్లో ఎవరూ నోరు విప్పరని కూడా చెప్పాడు. ఉద్యోగం పోయినట్టేనని సంజీవరావుకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు మాణిక్యమ్మ గుమ్మం దాటి వచ్చి కాగితం అందుకుంది. "ఇవే నేనడుగుతా. ఈయన జవాబులు చెబితే మనవీ కొట్టెయ్యక్కర్లేదు."

వరసగానే అడిగింది. భూమి లేదన్నాడు. ఆడపిల్లలు లేరన్నాడు. చివరి ప్రశ్నలో మాత్రం ఒక మాట మార్చింది.

"పల్లెటూరి వారితో సంబంధం మీకు ఇష్టమేనా?"

"అంటే, ఏ విధమైన..."

"అర్థం చెప్పకూడదంటగా." నవ్వు దాచుకోకుండా మళ్లీ చదివింది.

ఆ నవ్వు అతనికి నచ్చింది. "ఇష్టమే."

"ఏ ఇంటితో?" యలమందయ్య గద్దించాడు.

"ముందొచ్చింది మా ఇంటికేగా. వరస తప్పకూడదంట!" అంది హనుమాయమ్మ.

కాబోయే అల్లుడు అడిగితే ఊరంతా నోరు విప్పింది. సంజీవరావు ఉద్యోగం ఖాయమైంది. ఆ ఊరంతా పట్నం వారితో సంబంధం ఇష్టమేనని ఒకే మాటగా ఎలా చెప్పిందని ఆచార్యులవారు అడిగితే, శుభలేఖ చేతికిచ్చి ఊరుకున్నాడు. అర్థం చెప్పడం నియమాలకు విరుద్ధం.