తొమ్మిదికీ ఐదుకీ మధ్య గీత

పొద్దున్నే వెళ్లి, చెల్లెలి పళ్ల ఆసుపత్రి గోడ మీద ఒక గీత పొడిగించి, చప్పుడు చేయకుండా ఇంటికొచ్చి, ప్రారంభం వేళకు మంచి బట్టలు కట్టుకుని మళ్లీ వెళ్లాలన్నది అక్క పథకం.

అక్క ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద పెయింటరు నీలం రంగుతో ‘సమయం: 9-5’ అని రాసి వెళ్లినప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

“అది హైఫనండీ. రెండు మాటల్ని అతికించేది. ఇంత నుంచి ఇంతదాకా అనాలంటే డాష్ పెట్టాలి. పొడుగ్గా ఉంటుంది.”

“చెంప పట్టుకుని వచ్చేవాడు గీత కొలుచుకుంటాడా?” అన్నాడు భర్త, స్టూలు మోసుకొస్తూ.

“వాడు కొలవడు. నాకు కనిపిస్తుంది.”

చెల్లెలు ముందే చెప్పింది. “ఉన్న ఉద్యోగం మానేసి పెట్టుకుంటున్నానక్కా. మొదటిరోజు ఒక్కరూ రాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీకు దణ్ణం పెడతా, దేన్నీ దిద్దకు!”

గీత పొడిగించాలంటే 5 అడ్డం. అక్క గుడ్డతో దాన్ని తుడిచింది. అంకె పోలేదు గాని పళ్లెమంత నీలి మచ్చ అయింది. మచ్చను కప్పడానికి గీతను లావు చేసింది. లావైన గీత ఒక పక్కకు ఒరిగింది.

“మీ చెయ్యి వణకదు. కాస్త సరిచేయండి,” అని బ్రష్ భర్తకిచ్చింది.

సరిగ్గా అప్పుడే మలుపులో చెల్లెలి స్కూటర్ కనిపించింది.

“దాచండి!”

ఆయన తడి బ్రష్ వీపు వెనక దాచుకుని, గోడకు ఆనుకుని, తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ పక్కకు జరగడం మొదలుపెట్టాడు.

“ఇంత పొద్దున్నే ఇక్కడేంటి బావా?”

“గోడ చూద్దామని వచ్చామమ్మా. మంచి గోడ. చాలా పొడుగ్గా ఉంది.”

పక్క కొట్టు దర్జీ బయట తగిలించిన చొక్కాలు చెవికి తగిలేదాకా ఆయన జరుగుతూనే ఉన్నాడు.

“అయ్యగారూ, మీ గీత మా గుమ్మందాకా వచ్చేసింది,” అన్నాడు దర్జీ.

చెల్లెలు గోడ చూసింది. అక్కను చూసింది. మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

“ఊరుకోవే. ఇప్పుడు చెరిపితే గోడంతా నీలమవుతుంది. కనీసం వాక్యమైనా పూర్తి చేద్దాం.” అక్క పరుగున వెళ్లి, గీత చివర, దర్జీ గుమ్మం పక్కన, పెద్ద 5 వేసింది.

అంతలో చెంపకు రుమాలు కట్టుకున్న ఒకాయన వచ్చాడు. తలుపు ఇంకా తీయలేదు. గీతను చూసి, వరుసకు గుర్తనుకుని, 9 కింద నిలబడ్డాడు. ఆయన వెనక ఒకావిడ నిలబడింది.

“ఏమిటండీ ఇంత వరుస?” దారినపోయేవాడు అడిగాడు.

“ఏమో బాబూ, ఇంతమంది వచ్చారంటే మంచి డాక్టరే అయ్యుంటుంది,” అంది ఆవిడ, అప్పటికి అక్కడున్నది ఇద్దరే అయినా.

అతను నాలుకతో తన పళ్లు తడుముకుని, ఆవిడ వెనక చేరాడు. తలుపు తీసేసరికి వరుస 5 దాటింది.

మధ్యాహ్నం చెల్లెలు చేతి తొడుగులతోనే బయటికొచ్చింది. “బావా, ఆ బ్రష్ పారేయకు. రేపట్నుంచి ఎనిమిదిదాకా చూస్తాను.”

ఆ మాట విన్న దర్జీ లేచి, బయట తగిలించిన చొక్కాలన్నీ లోపల పెట్టుకున్నాడు.