ఒక్కరు చాలు

ఆ సోమవారం ఉదయం జ్ఞానాంబ టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకు ఒకటో తరగతిని చూపించాలి, అంతే. నోరు తెరవనక్కరలేదు. ఒక కొట్టం, ఒక టీచరు, తొంభైమంది పిల్లలు. పలక పెట్టుకునే చోటు లేక ముందువాడి వీపు మీద పెట్టి దిద్దేవాళ్లు. ఏటా సగంమంది ‘అ’ అయినా రాకుండానే మేకల వెంట పోయేవాళ్లు.

స్వరాజ్యం వచ్చి ఏడాది దాటింది. ఒకటో తరగతిని రెండుగా చేసి, ఇంకో టీచరుకు సర్కారు జీతమివ్వాలని ఆమె అర్జీ మీద అర్జీ పెట్టింది. హెడ్మాస్టరు మునిరామయ్యకు అంత ఓపిక లేదు.

"ఈసారీ సర్కారు ఒప్పుకోకుంటే సగంమంది పేర్లు కొట్టేస్తామమ్మా. నీకూ సుళువు" అన్నాడు.

"ఎవరి పేరు కొట్టేది అయ్యవారూ? ఆ బిడ్డ ఇంటికి మీరే పోయి చెప్పి రండి. నా చేత్తో ఒక్క పేరూ కొట్టను" అంది జ్ఞానాంబ.

ఇన్‌స్పెక్టరు గోవిందస్వామి ముందు రోజు సాయంత్రమే చంద్రగిరి నుంచి బండిలో వచ్చి ఊరి చివర సర్కారు బంగళాలో దిగాడు. పాపం, ఆయనకున్న వ్యసనం ఒక్కటే, కాఫీ. ఎక్కడికి వెళ్లినా ఒక రేకుపెట్టెలో పంపు స్టవ్వు, స్పిరిటు సీసా, స్టవ్వు పొడిచే సూది వెంట ఉండాల్సిందే. తెల్లవారి ఆయన ఆ సూదిని వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకుంటుండగా, బంగళా ఊడ్చే పోలేరమ్మ కిటికీలోంచి చూసింది. స్పిరిటు వాసన కూడా తగిలింది. పోయినేడు టీకాలాయన వచ్చినప్పుడు ఇదే సూది, ఇదే వాసన. ఆమె మనవడు వారం రోజులు జ్వరంతో మూలిగాడు.

చీపురు అక్కడే పారేసి ఊళ్లోకి పరుగెత్తింది. "టీకాలాయన వచ్చినాడు. బిడ్డల్ని దాసుకోండి."

"యాడ దాసేది పోలేరక్కా?"

"నా బంగళాలోనే. ఆయప్ప బడికాడికి పోతానే తోలకరాండి. ఆయప్ప ఊరంతా ఎతుకుతాడు గానీ, తాను పండుకున్న రూములో ఎతుకుతాడా?"

ఆ తెలివికి ఊరంతా తలూపింది. గోవిందస్వామి రేకుపెట్టె పట్టుకుని ముందు గేటు దాటగానే, వెనక గేటులోంచి, ముగ్గురు తప్ప ఒకటో తరగతి మొత్తం లోపలికి దిగింది. పోలేరమ్మ తలుపుకు బయట గడియ పెట్టింది.

కొట్టంలో ఆ ముగ్గురే మిగిలారు. ఇన్‌స్పెక్టరు గడప దాటగానే ఆ ముగ్గురూ లేచి చొక్కాలు తొలగించి భుజాలు చూపించారు.

"ఇదేం నమస్కారం?" అన్నాడాయన.

"మాకు పోయినేడే ఏసేసినారు సామీ" అన్నాడు ఒకడు.

జ్ఞానాంబకు విషయం అర్థమైంది. "అయ్యా, మిమ్మల్ని చూసి టీకాలాయన అనుకుని దాచిపెట్టినారు" అని మొత్తుకుంది. ఆయన వింటేనా? హాజరు పట్టీలో తొంభై, కొట్టంలో మూడు. దొంగ హాజరని తేల్చేశాడు. ‘ఒకటో తరగతికి ఒక్కరు చాలు, ఆ ఒక్కరి ఉద్యోగం సంగతి కూడా ఆలోచించాలి’ అని పైకి చదువుతూ రాసుకుని కాఫీ వేళయిందని బంగళాకు బయలుదేరాడు.

"కాళ్ల మీద పడమ్మా" అన్నాడు మునిరామయ్య.

"తప్పు చేసినోళ్లు పడతారు" అని జ్ఞానాంబ ఆయన వెనకే నడిచింది.

గోవిందస్వామి గడియ తీశాడు. మంచం మీద పిల్లలు, మంచం కింద పిల్లలు, పడకకుర్చీలో నలుగురు, ఆయన తలపాగా చుట్టుకుని ఒకడు. ఆయన చేతిలో రేకుపెట్టె కనబడగానే అందరూ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. సగంమంది కిటికీలెక్కారు.

పోలేరమ్మ వాకిలికి అడ్డం నిలబడి గుండెలు బాదుకుంది. "ఎనకాల దిగుడుబావి ఉండాది సామీ. ఒక్కర్నీ బైటికి వదలాకు."

జ్ఞానాంబ తిన్నగా బావి దగ్గరికి పోయి గట్టు మీద కూర్చుంది. "బావిని నేను చూసుకుంటా. లోపల తమరు చూసుకోండయ్యా. ఒక్కరు చాలని రాసినారు గదా" అంది.

ఆయన ఒకణ్ణి కిటికీ నుంచి దించేలోపు ఇద్దరు ఎక్కారు. అరిస్తే ఏడ్చారు, బతిమాలితే ఇంకా ఏడ్చారు. ఒక పిల్ల ఆయన ఒళ్లో కూర్చుని పంచె తడిపింది. స్టవ్వు ఎటు పోయిందో దేవుడికి తెలియాలి. కాసేపటికి కిటికీలోంచి చెమట కారుతున్న ముఖం ఒకటి బయటికి వచ్చింది.

"అమ్మా, ఇంకొకరు కావాలి."

"ఏమంటిరి? వినబళ్లేదు."

"ఇంకొకరు కావాలమ్మా తల్లీ, నా ఒక్కడి వల్ల కాదు."

"ఆ మాటే రాసియ్యండి" అంది జ్ఞానాంబ. లేవలేదు. ఆయన కిటికీ రెక్కకే కాగితం ఆనించి రాసిచ్చాడు. చదువుకుని, మడిచి కొంగున ముడేసుకున్న తర్వాతే ఆమె లోపలికి వెళ్లింది. వెళ్లి చప్పట్లు కొట్టగానే అందరూ నోళ్లు మూసుకుని నేల మీద కూర్చున్నారు. గోవిందస్వామికి అదే ఎక్కువ కోపం తెప్పించింది, కానీ కాగితం అప్పటికే కొంగులో ఉంది.

మూడు నెలల్లో రెండో టీచరు శకుంతలమ్మ వచ్చింది. ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. ఆమె వచ్చిన మరుసటి వారమే టీకాలాయన నిజంగా వచ్చాడు. రేకుపెట్టె చూసి కాఫీ ఇన్‌స్పెక్టరే కాబోలనుకుని పిల్లలందరూ బుద్ధిగా కూర్చున్నారు.

మొదటి సూది పడ్డాక ఇద్దరు టీచర్లు కూడా చాలలేదు.