వెయిటింగ్ లిస్టులో మా ఆయన

తీరిక లేకపోవడాన్ని మించిన భాగ్యం మనిషికి ఇంకొకటి లేదు. ఈ మాట ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్లు వచ్చి నాతో వాదించవచ్చు. కాకపోతే మే నెల రెండో వారం దాకా నాకు ఖాళీ లేదు.

నేనెవరంటారా? ఈ ఊళ్లో పళ్ల డాక్టరు గారి ఫ్రంట్ డెస్కులో పంతొమ్మిదేళ్లుగా కూర్చున్న మార్లిస్‌ని. ఎవరి పన్ను ఎన్నింటికి పీకాలో డాక్టరే నిర్ణయిస్తాడని మీరు అనుకుంటారు. కాదు, నేను! రోజును పదిహేనేసి నిమిషాల గళ్లుగా కోస్తాను. గోల పెట్టేవాడికి ముందు గడి, ఓర్చుకోగలవాడికి వెనక గడి. ఎవరైనా రానని ఫోన్ చేస్తే ఆ గడిలోకి పిలవడానికి ఒక వెయిటింగ్ లిస్టు. శాస్త్రమంతా ఇంతే. ఇందులో నన్ను మించినవాళ్లు ఉత్తర మిన్నెసోటాలో లేరని అంటారు. అనేది నేనే అనుకోండి.

ఇంత విద్యను ఆఫీసులో వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి రావడం పాపం కాదా? అందుకే మొన్న అక్టోబరులో దాన్ని ఇంటికి కూడా తెచ్చాను. ఉద్యోగం, వంట, ఉతుకులు, నిద్ర పోగా నాకు వారానికి మిగిలేది ఆరు గంటలు. అంటే ఇరవై నాలుగు గళ్లు. ఫ్రిజ్ తలుపుకి చార్టు అంటించి రంగులు వేశాను. తప్పనిసరి పనులకు ఎరుపు, ముఖ్యమైనవాటికి పసుపు, వీలైతే చూద్దాం అనుకునేవాటికి ఆకుపచ్చ.

దానివల్ల మాకు కలిగిన మేలు అంతా ఇంతా కాదు. మొట్టమొదట, ఇంట్లో గొడవలు ఆగిపోయాయి. పోట్లాడాలంటే గడి ఉండాలి కదా! నవంబరులో ఒకరోజు మా ఆయన లోవెల్ మీద నాకు ఒళ్లు మండిపోయింది. చార్టు చూస్తే గురువారం ఏడుంబావుకి గానీ ఖాళీ లేదు. రాసిపెట్టాను. గురువారం టైముకి ఇద్దరం టేబులుకి చెరోవైపు కూర్చున్నాం.

"ఊఁ, మొదలుపెట్టు," అన్నాడు లోవెల్.

"ఉండు, గుర్తు తెచ్చుకోనీ."

"గరాజ్ సంగతా?"

"గరాజ్ కాదు. గరాజ్ మీద పోయిన నెల అయిపోయింది."

ఎంత తల బద్దలుకొట్టుకున్నా నా కోపం నాకు దొరకలేదు. మిగిలిన పదకొండు నిమిషాల్లో ఆయన ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసుకి ఫిల్టరు మార్చేశాడు. ఇంత ఫలవంతమైన పోట్లాట మీ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా?

బంధుత్వాలు కూడా బాగుపడ్డాయి. మా చెల్లెలు కోరిన్ కుక్క పుట్టినరోజుకి నేను ఎరుపు వేశాను. కుక్క పుట్టినరోజుకి ఎరుపేమిటని అడక్కండి. వెళ్లకపోతే కోరిన్ ఆర్నెల్లు మాట్లాడదు. చర్చి భోజనాల కమిటీ కూడా ఎరుపే. వెళ్లకపోతే కమిటీ నడిపే ఇర్మా పల్లెత్తు మాట అనదు. "పర్లేదులే, మేమే చూసుకున్నాం," అని నవ్వుతుంది. ఆ నవ్వు చూసినవాళ్లెవరూ రెండోసారి మానెయ్యలేదు. డాక్టరు గారు కొత్త కంప్యూటర్ నేర్పిస్తానని పెట్టిన శనివారాలు మరీ ఎరుపు. ఇక సమయం ఎలా మిగుల్చుకోవాలో చెప్పే ఆడియో పుస్తకం ఒకటి కొన్నాను. అది మొత్తం పద్నాలుగు గంటలు. దానికి వారానికి నాలుగు గళ్లు. ఆదివారం చార్టు దిద్దుకోవడానికి ఇంకో నాలుగు.

లోవెల్‌కి మాత్రం కావలసింది ఒకటే. మా వైపు చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీదికి చిన్న చెక్క గుడిసె లాక్కెళ్లి, అందులో కూర్చుని మంచుకి కన్నం వేసి చేపలు పడతారు. డిసెంబరులో చెరువు గడ్డకట్టగానే అడిగాడు.

"ఈ చలికాలం ఒక్క పూట నాతో మంచు మీదికి రా మార్లిస్."

"నాకు చేపలు పట్టడం రాదుగా."

"పట్టక్కర్లేదు. ఊరికే కూర్చుందాం. హీటరుంది, కాఫీ ఉంటుంది. ఈసారి గుడిసెలో బెంచీ ఇద్దరికి సరిపడా వేశాను."

మూడు గంటల పని. అంటే ఏకంగా పన్నెండు గళ్లు. ఆకుపచ్చ వేసి వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుగా రాశాను. అవును, మొట్టమొదటి పేరు! ఆ లిస్టులో రెండో పేరు లేకపోవడం వేరే సంగతి.

ప్రతి ఆదివారం టోపీ చేత్తో పట్టుకుని ఫ్రిజ్ ముందుకొచ్చి నిలబడేవాడు. "ఈ వారం ఏమన్నా ఉందా?" అనేవాడు. "నీ పేరే ముందుంది," అనేదాన్ని. "అయితే మంచిదే," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. జనవరి అంతా అయింది, ఫిబ్రవరి అంతా అయింది. గొంతు పెంచలేదు, మొహం మాడ్చలేదు. అంత బుద్ధిమంతుడైన పేషెంటు మా క్లినిక్‌లో కూడా లేడు.

మా వైపు మార్చి మూడో సోమవారానికల్లా చెరువు మీది గుడిసెలన్నీ తీసెయ్యాలి. సర్కారు వారి రూలు. దానికి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున నేను క్లినిక్‌కి చేరేసరికి డాక్టరు గారికి జ్వరం. కంప్యూటర్ పాఠం రద్దు. పది నుంచి ఒంటిగంట దాకా పన్నెండు గళ్లు, ఒకదాని పక్కన ఒకటి, నాకోసం ఖాళీగా నిలబడ్డాయి! చార్టు పెట్టాక అలాంటిది జరగడం అదే మొదలు. రూలు ప్రకారం లిస్టులో మొదటి పేరుకి ఫోన్ చేశాను. అలవాటు కొద్దీ క్లినిక్ గొంతే వచ్చింది.

"నమస్కారమండీ, మీకో ఖాళీ దొరికింది. వెంటనే రాగలరా?"

అవతల ట్రక్కు ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"గుడిసె లాగేశాను మార్లిస్. ఇంటికి తెస్తున్నా."

"సోమవారం దాకా టైముందిగా?"

"గట్టు దగ్గర మంచు మెత్తబడింది. నిన్న ఎవరిదో ట్రక్కు చక్రం దిగబడింది. ఇక ఎవరూ వెళ్లకూడదు."

నేను ఇంటికి వెళ్లేసరికి మా వాకిట్లో ట్రైలరు మీద ఉంది గుడిసె. నేను లోపలికి తొంగి చూడడం అదే మొదటిసారి. బెంచీ మీద రెండు దిండ్లున్నాయి. ఒకటి ఆయన కూర్చుని కూర్చుని అణిగిపోయింది. రెండోదానికి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపమొస్తుంది.

"ఒక్కసారి గట్టిగా కేకలెయ్యొచ్చుగా లోవెల్? కోరిన్‌లాగా నెలల తరబడి మాట్లాడ్డం మానెయ్యొచ్చుగా? వెంటనే ఎరుపు వేసేదాన్ని."

ఆయన ట్రైలరు గొలుసు విప్పుతూనే ఉన్నాడు.

"తెలుసు. కేకలేస్తే వచ్చేదానివే. కేకలేస్తే వచ్చినదాని పక్కన మూడు గంటలు ఏం కూర్చోను?"

తిట్టినట్టు అనలేదు. మామూలుగా అని, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

అప్పటికి టైము పదీ పది. ఒంటిగంట దాకా నాకు ఏ పనీ లేదు. ఆయనన్న ఆ మాట నుంచి తప్పించుకోవడానికి ఒక్క ఎర్ర గడి అయినా దొరుకుతుందేమోనని చార్టంతా వెతికాను. దొరకలేదు. తీరిక లేకపోవడం భాగ్యమని నేను ఊరికే అంటున్నానా?