బాలశౌరి పెంచిన వంగ నారు

సిటీ బస్సు కండక్టరు బాలశౌరికి నిలబడ్డవాళ్ళను సర్దడం తప్ప మరో విద్య రాదు. అలాంటివాడు తొంభై ఎనిమిది వేసవిలో వంగ నారు పెంచడానికి పూనుకున్నాడు.

కారణం ఉంది. భార్య అమలమ్మ మెట్ల మీద జారి, కాలికి సిమెంటు కట్టుతో మంచాన పడింది. పోయిన ఏడు చనిపోయిన వాళ్ళమ్మ పెరట్లో కాసిన నాటు వంకాయల గింజలు చిటికెడు ఆమె దగ్గర మిగిలాయి. ఇంకా పాతబడితే మొలవవని ఆమె బెంగ.

"నాకియ్యి అమలా. నూట పదిమందిని ఒకే బస్సులో నిలబెట్టినవాణ్ణి, గుప్పెడు మొక్కల్ని నిలబెట్టలేనా?"

"మీ బస్సులో నిలబడ్డవాళ్ళు దిగాక ఎలా ఉంటారో చూశానండీ" అంది అమలమ్మ. అయినా ఓ పొట్లం చేతిలో పెట్టింది.

భవానీపురంలో వాళ్ళది మేడ మీద వాటా. బయట ఎండకు మాడిపోతాయని టీ కప్పుల్లో మట్టి పోసి, గింజలు వేసి, వంటింటి గట్టు మీద పెట్టాడు. మొలకలు వచ్చిన రోజు డిపోలో అందరికీ పకోడీలు పంచాడు.

అక్కణ్ణుంచి అతని ప్రేమకు హద్దు లేకపోయింది. డ్యూటీకి వెళ్ళేముందు నీళ్ళు, వచ్చాక నీళ్ళు, తను తాగితే వాటికీ ఓ గుక్క. వెలుతురు చాలక మొక్కలు పాలిపోయి దారాల్లా సాగాయి.

"ఎలా ఉన్నాయండీ?" మంచం మీంచి అమలమ్మ.

"పొడుగయ్యాయి. మీ అమ్మ పోలిక."

"మా అమ్మ పొట్టిదండీ."

ఓ ఉదయం చూస్తే అన్నీ మొదలు కుళ్ళి పడిపోయి ఉన్నాయి. బాలశౌరి అక్కడే కూలబడ్డాడు. అత్తగారు రెండోసారి పోయినట్టనిపించింది. భార్యకు చెప్పే ధైర్యం లేక, పాల ప్యాకెట్టు వంకతో ఊరికి ఆ చివరున్న పటమట దాకా వెళ్ళి, నారు కట్ట కొనుక్కొచ్చి అవే కప్పుల్లో గుచ్చాడు. ఓ కప్పు తీసుకెళ్ళి గర్వంగా చూపించాడు.

అమలమ్మ ఆకును వేళ్ళతో తడిమింది. "వంగాకు మీద నూగు ఉంటుందండీ. ఇది నున్నగా ఉందే."

"టౌనుకొచ్చింది కదా, నునుపు తేలింది."

"టౌనుకొస్తే వంగ మిరప అవుతుందా?"

బాలశౌరి మంచం అంచున కూర్చుండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ అమ్మ గింజలు అమలా... నా చేత్తోనే చంపేశాను."

ఆమె అతని మోచేతి మీద కాసేపు చెయ్యి వేసి ఉంచింది. తర్వాత తల వైపు కిటికీ కర్టెను పక్కకు లాగింది. ఎండ పడే ఊచల దగ్గర, కొబ్బరి చిప్పల్లో, పొట్టిగా, బలంగా, నూగు ఆకులతో వంగ మొక్కలు నిలబడి ఉన్నాయి.

"మీకిచ్చింది సగమేనండీ. మిగతా గింజలు, కింది వాటా పద్మావతమ్మగారి చేత మట్టి తెప్పించి ఇక్కడ వేసుకున్నాను. మట్టి ఆరితేనే ఓ చెంచా నీళ్ళు."

రోజూ ఆ గదిలోనే పడుకుంటున్న బాలశౌరి వాటికేసి కళ్ళప్పగించి చూశాడు. ఊరట, ఉక్రోషం ఒక్కసారే వచ్చాయి.

"మరి నాకో మాట చెప్పలేదేం?"

"చెబితే వీటికీ నీళ్ళు పోస్తారని."