సగం దాకా వంగే కట్టె

తమ్ముడు హర్ష పోయిన రోజే, ఇంటి ముందు షామియానా కడుతుండగా కొరియర్ మనిషి వచ్చాడు. "హర్ష ఎవరప్పా? ఆయనే సంతకం పెట్టల్ల" అన్నాడు. లోపల పడుకోబెట్టిన మనిషిని చూపించడం బాగుండదని జయరాం తానే సంతకం పెట్టి పెట్టె తీసుకున్నాడు.

అందులో ఉన్నది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ చేప. క్రాంక్‌బైట్ అంటారట. మూతి కింద చిన్న రేకు, పొట్ట కింద గాలాలు. దారం కట్టి లాగితే నీళ్లలో మునిగి, బతికున్న చేపలా ఒళ్లు ఊపుకుంటూ వస్తుంది. పెద్ద చేప మోసపోయి పట్టుకుంటుంది. కదిరిలో మోటార్లు బాగుచేసే హర్ష ఇదంతా ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. "ఎర నేను కొంటాన్నా, గాలం కట్టె నువ్వు కొను. మన చెరువుకు నీళ్లొస్తే ఇద్దరం పోదాం" అన్నాడు.

తనకల్లు దగ్గర వాళ్ల ఊరి చెరువులో నీళ్లుండేవని పెద్దవాళ్లు చెబితే వినడమే. అయినా జయరాం బడిపంతులు. ఒప్పుకున్న పని మధ్యలో వదలడం చేతకాదు. కర్మ అయిన కొన్నాళ్లకు బెంగళూరులో గాలాలమ్మే అంగడికి ఫోన్ చేశాడు.

"లోతు నీళ్లా సార్, లోతు లేనివా?"

"నీళ్లు లేవు."

"చేపలేముంటాయి?"

"చేపలూ లేవు."

"అట్లయితే ఏ కట్టైనా సరిపోతాది సార్."

జయరాం ఫోన్ పెట్టలేదు. అంగడాయనే మెత్తబడి చెప్పాడు. "క్రాంక్‌బైట్‌కు గట్టి కట్టె వద్దు సార్. చేప నోరు పెట్టీ పెట్టకముందే మీరు లాగేస్తారు, గాలం ఊడొస్తాది. ఫైబర్‌ది, సగం దాకా వంగేది తీసుకోండి. చేప పట్టింది చేతికి కొంచెం ఆలస్యంగా తెలియల్ల."

ఆలస్యంగా తెలియడం జయరాంకు అలవాటే. హర్ష గుండెనొప్పి సంగతీ అట్లాగే తెలిసింది. "అదే పంపండి" అన్నాడు.

కట్టె వచ్చిన ఆదివారం పొద్దున, అది ఎంతవరకు వంగుతుందో చూసుకుని టిఫిన్ వేళకు ఇంటికి రావాలనుకున్నాడు. అంతకు మించి పథకం లేదు. దారం కొసకు గులకరాయి కట్టి, ఎండిన చెరువు గట్టు మీద నిలబడి విసిరాడు. రాయి పోయి తిప్పేస్వామి ఉలవచేనులో పడింది. నీళ్లు రాని చెరువు కడుపులో తిప్పేస్వామి ఏటా ఉలవలు వేస్తాడు.

"ఏమి సార్ ఇది?"

"గాలం కట్టె."

"యాడికి?"

"ఈ చెరువుకే" అన్నాడు జయరాం. మిగతాది చెప్పకుండా దారం చుట్టుకోసాగాడు.

తిప్పేస్వామి ఆలోచనలో పడ్డాడు. సారు పని లేని వస్తువు కొనడు. పైగా సర్కారు నౌకరి. సర్కారు సంగతులు వాళ్లకే ముందు తెలుస్తాయి. అంటే కాలువ నీళ్లు వదులుతున్నారు!

"నీళ్లెప్పుడొస్తాండాయి సార్?"

"నీళ్లు రావప్పా."

"అర్థమయింది సార్. నేనెవురికీ చెప్పను."

ఊరంతా చెప్పాడు. చెప్పి, మునిగిపోతుందన్న భయంతో సగం పండిన ఉలవచేను పీకేశాడు. గంగమ్మకు హారతి పట్టే ఆంజినమ్మ పళ్లెం తోముకుంది. నాయకుడు ఓబిలేష్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. నీళ్లొస్తున్న సంగతి తనకు తెలియకపోవడం అవమానం. తెలియదని ఒప్పుకోవడం ఇంకా అవమానం. అందుకని ఆ నీళ్లు తెచ్చింది తానేనని ఫ్లెక్సీ కట్టించాడు. మూలన గుండ్రంలో జయరాం ఫొటో కూడా వేయించాడు.

జయరాం ఇంటింటికీ పోయి నీళ్లు రావని చెప్పాడు. "సారు నోట్లోంచి గుట్టు బయటికి రాదప్పా!" అని మెచ్చుకున్నారు. నమ్మినవాడు ఓబిలేష్ ఒక్కడే.

"నిజంగా రావా సార్? మరి ఆ కట్టె ఎందుకు కొన్నావు, నా కొంప ముంచనీకా?"

ఊరు హారతికి పెట్టుకున్న రోజున ఓబిలేష్ ట్యాంకర్లు తెప్పించి, చెరువు నడుమ గుంటలో నీళ్లు పోయించాడు. "ఇది మొదలు మాత్రమే!" అని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. మొదటి గాలం సారే వేయాలని జనం పట్టుబట్టారు. జయరాంకు ఆశ పుట్టింది. గుంటైనా నీళ్లే కదా. జేబులోంచి ఎర తీసి, దారానికి కట్టాడు.

ఉపన్యాసం ముగిసేసరికి సగం నీళ్లు ఆడవాళ్ల బిందెల్లోకి పోయాయి. మిగతా సగం నేల తాగింది.

"వెయ్ సార్!" అన్నాడు తిప్పేస్వామి.

జయరాం బురద వైపు చూశాడు. "ఇది మా హర్షది" అన్నాడు. "నీళ్లొస్తే ఇద్దరం పోదామన్నాడు. కట్టె నన్ను కొనమన్నాడు. కొన్నా. అంతే."

ఆంజినమ్మ పళ్లెంతో ముందుకొచ్చింది. "వెలిగించిన హారతి ఊరికే ఆర్పకూడదు నాయనా" అని ప్లాస్టిక్ చేపకే హారతి పట్టింది.

"ముందే చెప్పింటే నా ఉలవలన్నా మిగులుతుండె కదా సార్!" అన్నాడు తిప్పేస్వామి. జయరాం తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. ఇంటికి పోయి కట్టెను గోడ కొక్కేనికి తగిలించాడు.

మరుసటి ఏడు విత్తనం వేళకు తిప్పేస్వామి ఇంటికే వచ్చాడు. "కట్టె గోడకే ఉండాదా సార్?"

"ఉంది."

"అయితే ఉలవలు చల్లుకుంటా."

అతన్ని చూసి చెరువులో ఉలవలేసే మిగతావాళ్లూ వచ్చారు. ఓబిలేష్ కూడా మైకు పట్టుకునే ముందు మనిషిని పంపి కట్టె సంగతి కనుక్కున్నాడు. ఒకనాడు జయరాం దుమ్ము తుడుద్దామని కట్టెను కిందికి దించితే, తిప్పేస్వామి వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "నీకు దండం పెడతా, దాన్ని ముట్టుకోవాకు సార్! ఊరు అల్లాడిపోతాది!"

జయరాం దాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

కట్టె గోడకే ఉంది. ఎర ఇంకా తడవలేదు.