పరదా వెనక వేలు

రోగం తగ్గాలంటే డాక్టర్ అక్కర్లేదు. మందులూ అక్కర్లేదు. ఒక కంప్యూటర్, దాని ముందు కూర్చోవడానికి నాలాంటి మనిషి ఒకరు ఉంటే చాలు!

నవ్వకండి. నేను జగిత్యాలలో ఒక ఆరోగ్య పరిశోధన ఆఫీసులో పనిచేస్తున్నాను. మా వాళ్లు ఏటా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు తిరిగి, అవే ఇళ్లలో అవే మనుషులకు బీపీ, షుగర్, ఎత్తు, బరువు చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తారు. ఎవరికీ మందివ్వరు. ఎవరి ఆరోగ్యం ఎటు పోతోందో చూస్తారు, అంతే. నమ్మశక్యం కాని అంకె ఏదైనా పడితే సాఫ్ట్‌వేర్ ఆ గడిని ఎర్రగా చూపిస్తుంది. ఎర్ర గడులను పచ్చగా మార్చడం నా ఉద్యోగం. దీన్ని డేటా క్లీనింగ్ అంటారు. నేను మాత్రం వైద్యం అంటాను.

ఎందుకంటారా? రుద్రంగి ఎల్లన్ననే తీసుకోండి. అరవై దాటిన మనిషి. ట్యాబ్‌లో ఆయనకు ఆరో నెల అని పడింది. నేను ఒక్క క్లిక్ చేశాను. నొప్పులు లేవు, కోత లేదు, కుట్లు లేవు. అంత గండం గడిచిందని పొలం దగ్గరున్న ఎల్లన్నకే తెలియదు!

సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఒకాయన పదహారడుగుల ఎత్తున్నాడు. ఆయన్ను మళ్లీ ఇంటి కప్పు కిందికి తెచ్చింది ఎవరు? నేనే.

ఎల్లంతకుంటలో ఒక వాడ మొత్తానికి బీపీ నూట ఇరవై బై ఎనభై వచ్చింది. ముసలివాళ్లకూ అదే, అప్పుడే తగవులాడుకొని వచ్చిన తోడికోడళ్లకూ అదే. ఆ ఎండకు మిషన్ అసలు సంచిలోంచి బయటికే రాలేదని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి. ఒక్క ఎర్ర గడి కూడా లేదు. అంత నాణ్యమైన డేటాను అనుమానించడం పాపం కాదా?

ఇక కోరుట్ల సంగతి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్లు మా ట్యాబ్‌లో ‘గృహిణి’. ఏ పనీ లేని ఈ గృహిణులకు ఇంత దగ్గు ఎందుకొస్తోందో అంతుపట్టక, మా పెద్దసార్లు పోపు ఘాటు మీద కొత్త అధ్యయనం ఆలోచిస్తున్నారు. విజ్ఞానం ఇలా కాక ఇంకెలా పెరుగుతుంది?

ఆ గృహిణుల్లో ఒకరు జరీనాబీ. ఈ ఏడు ఆమె షుగర్ గడి ఎర్రబడింది. పరగడుపున నాలుగు వందల పన్నెండు! నిరుడు తొంభై ఎనిమిది. అంతకుముందు ఏడు కూడా దాదాపు అంతే.

నా పై అధికారి మధుకర్ సార్ దూరం నుంచే రోగం కనిపెట్టారు.

“ఏడాదిల గంత ఎట్ల పెరుగుతది? ఎక్కించేటప్పుడు వేలు తప్పింది. నూట పన్నెండు అని సరిజేసి పంపు.”

చూశారా! మూడు వందల షుగర్‌ను ఒక్క మాటతో దించారు. ఏ ఇన్సులిన్‌కు ఉంది ఆ శక్తి?

కానీ మార్చేముందు ఒకసారి ఫోన్ చేసి అడగాలని మా నియమం. చేశాను. జరీనాబీ కోడలు లుబ్నా ఎత్తింది. ఈసారి అంకె తప్పు పడిందేమో అన్నాను.

“ఈసారిదే సరైంది అక్కా. నిరుడు, ముందటేడు ఇచ్చింది నా వేలు,” అంది లుబ్నా. “మా అత్తకు సూది అంటే భయం. ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటం, ఒక్క గిన్నెల అన్నమే తింటం. ఎవల వేలైతే ఏంది అనుకున్నం.”

జరిగింది ఇదీ. ఇళ్లకు తిరిగి షుగర్ చూసే మా జలపతి మర్యాదస్తుడు. ఆడవాళ్లుండే ఇల్లు కదా అని గుమ్మం బయటే నిలబడి జరీనాబీ పేరు పిలిచాడు. పరదా వెనక నుంచి ఒక వేలు బయటికొచ్చింది. పొడిచాడు, రాసుకున్నాడు. కోడలి పేరు పిలిచాడు. మళ్లీ ఒక వేలొచ్చింది. వేలి మీద పేరు రాసి ఉండదు కదా! ఈ ఏడు జలపతి వచ్చిన రోజు లుబ్నా పుట్టింట్లో ఉంది. జరీనాబీ తన వేలు తానే ఇచ్చుకోక తప్పలేదు.

అంటే మూడేళ్లలో నిజమైన అంకె ఒక్కటే. మేం చెరపబోయిందీ అదే.

ఇంతలో జరీనాబీ ఫోన్ తీసుకుంది.

“బేటీ, నీకు షుగర్ లేదని రెండేండ్లు చీటీ ఇచ్చిండ్రు. గందుకే చాయ్‌ల చక్కెర తగ్గియ్యలే. కాలివేలు మీద పుండు మానుతలేదు గని, చెప్పు కరిచిందనుకున్న.”

మాది గమనించే అధ్యయనం. నేను గమనించి ఊరుకోవాలి. కానీ నోరు ఊరుకోలేదు. రేపే ఆసుపత్రికి తీసుకుపొమ్మని, మా చీటీలు చూపించవద్దని, ఈసారి డాక్టర్ గదిలోకి ఆమెనే పంపమని లుబ్నాకు చెప్పాను.

మధుకర్ సార్‌కు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా పనిని మెచ్చుకున్నారు.

“మంచిగ పట్టినవ్. ఒక మనిషి లెక్కల ఇంకో మనిషి నెత్తురు కలిసింది. గట్లాంటి లెక్క చెల్లదు. ఆమె పేరున్న వరుస మొత్తం తీసెయ్.”

“ఈ ఏటిది ఆమెదే కద సార్?”

“ఒక్క ఏడాదితోని ఏం జేస్తం? తీసెయ్.”

తీసేశాను. స్క్రీన్ అంతా పచ్చబడింది. పై ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. ఆ వాడలో మితిమీరిన షుగర్ ఉన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అక్కడ మందుల శిబిరం అక్కర్లేదని నివేదికలో రాశారు. అబద్ధమంటారా? గడులు లెక్కపెట్టుకోండి!

అటు ఆసుపత్రిలో డాక్టర్లు పాతకాలం పద్ధతి పట్టారు. అంకెను ముట్టుకోకుండా మనిషిని ముట్టుకున్నారు. సూదిమందు, పథ్యం, కాలికి కట్టు. చాలా రోజులు పట్టింది. వేలు తీసేయాల్సి వస్తుందని మొదట భయపెట్టారట, చివరికి దక్కింది. గడి పచ్చబడటానికి ఇలాంటి దారి కూడా ఒకటుందని నాకప్పటిదాకా తట్టనే లేదు. మా సాఫ్ట్‌వేర్‌లో దానికి బటన్ లేదు.

మొన్న జరీనాబీ తనే ఫోన్ చేసింది. గొంతులో గర్వం.

“పరగడుపున నూట పద్దెనిమిది అచ్చింది బేటీ. నా వేలే, నా నెత్తురే. రాసుకో.”

మా సాఫ్ట్‌వేర్ కళ్లు మూసుకొని ఒప్పుకునే అంకె! కంప్యూటర్ తెరిచి ఆమె పేరు వెతికాను. లుబ్నా ఉంది. జలపతి వెళ్లిన ఇల్లు ఉంది. ఆ ఇంట్లో జరీనాబీ అనే మనిషే లేదు.

“రాసుకున్నావా?” అంది ఫోన్‌లో.