రంగుల కొట్టు డాక్టరుగారు

పని తెలిసినవాళ్ళ వల్ల ఈ లోకానికి ఒరిగిందేమీ లేదు. పని తెలిసినవాడు చకచకా ముగించి ఇంటికి పోతాడు. తెలియనివాడో? ప్రేమతో చేస్తాడు. పాడుచేసి మళ్ళీ చేస్తాడు!

డాన్యూబ్ ఒడ్డున ఉన్న మా బిస్త్రెత్స్ పట్టణం అలాంటి ప్రేమికుల మీదే నడుస్తోంది. మా బ్యాండులో బాకా ఊదేది పోస్టుమాస్టరు. అందుకే మా ఊళ్ళో పెళ్ళివారూ చావువారూ ఒకే పాట విని ఏడుస్తారు. మంటలార్పే దళమంతా సరదాకి చేరినవాళ్ళే. ఆమధ్య బేకరీ అంటుకుంటే ముందు రొట్టెల్ని బయటికి తెచ్చారు, తరవాత బేకరీవాణ్ణి. రొట్టెలు వేడివేడిగా ఉన్నాయి మరి. బేకరీవాడూ అలాగే ఉన్నాడనుకోండి.

వీళ్ళందరిలోకీ మేటి స్పాస్. పగలు రంగులు అమ్ముతాడు, సాయంత్రాలు నాటకాల్లో డాక్టరు వేషం వేస్తాడు. తెల్లకోటు అతనొక్కడికే సరిపోతుంది కనుక వేషం మారదు. అసలు డాక్టరు జర్మనీ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆసుపత్రి తలుపుకి తాళం.

ఒకసారి నాటకం మధ్యలో కసాయి భార్య త్స్వెతానా కళ్ళు తేలేసింది. జనం తలలన్నీ వేదిక వైపు తిరిగాయి. స్పాస్ కోటుతోనే కిందికి దిగాడు. తనకు వచ్చింది ఒకే డైలాగు: కిటికీ తెరవండి, గాలి ఆడనివ్వండి. తెరిచారు. ఆవిడ లేచి కూర్చుంది!

మర్నాడు రంగుల కొట్టు ముందు క్యూ. తను నటుణ్ణే తప్ప డాక్టర్ని కానని స్పాస్ మొత్తుకున్నాడు. ముందు నిల్చున్న దోనా అవ్వ కదల్లేదు.

"ఆ సంగతి మాకు తెలీదుట్రా అబ్బాయ్? పాత డాక్టరు కంప్యూటర్లోంచి తలెత్తేవాడు కాదు. నువ్వు మొహం చూసి వింటావు."

ఇక ఏం చేస్తాడు? నాటకాల కోటు తగిలించుకుని విన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నడవమన్నాడు. వాళ్ళు తేలికపడ్డ మనసుతో, పోతూపోతూ ఒక డబ్బా సున్నంతో ఇంటికి వెళ్ళేవారు. వ్యాపారం కూడా పుంజుకుంది.

అలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం చేపలు పట్టే మెతోది వచ్చాడు. మొహం పాలిపోయింది, ఎడమచెయ్యి లాగేస్తోందన్నాడు. స్పాస్ ఆడిన ఏ నాటకంలోనూ ఈ ఘట్టం లేదు. మెతోదిని రంగుల వ్యాన్‌లో పడుకోబెట్టి జిల్లా ఆసుపత్రికి బండిని పరుగెత్తించాడు.

"డాక్టరూ, బతుకుతానా?" అని దారిలో మెతోది అడిగాడు.

"బతుకుతావన్నా. మాట్లాడకుండా పడుకో" అన్నాడు స్పాస్. అతని గొంతు వణకలేదు. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. అంత గొప్పగా అతను ఎన్నడూ నటించలేదు.

మెతోది బతికాడు. స్పాస్ మాత్రం ఆ రోజే తెల్లకోటు విప్పేసి, ఊరందరి చేతా సంతకాలు పెట్టించి, తమకు అసలైన డాక్టరు కావాలని రాజధాని సోఫియాకి అర్జీ పంపాడు.

సోఫియా నుంచి ఆరోగ్యశాఖ పెద్దాయన దిగాడు. కొట్టు చూశాడు, కోటు విప్పినా తగ్గని క్యూ చూశాడు, మెతోది కథ విన్నాడు. రోగి సకాలంలో చేరాడు, ఖర్చు సున్నా. ఇంతకంటే డాక్టరు మాత్రం చేసేదేముంది అని ముచ్చటపడి, మిగతా పట్టణాలకూ ఈ పద్ధతే సిఫారసు చేస్తానన్నాడు.

అందరూ వెళ్ళాక పెద్దాయన తలుపు దగ్గరగా వేసి, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టు ఉంటోందట. సోఫియాలో డాక్టరు దొరకాలంటే వసంతం దాకా ఆగాలట.

"సార్, నేను రంగులు అమ్ముకునేవాణ్ణి. నాకు వైద్యం రాదు" అన్నాడు స్పాస్.

"అయితే ఏమైందయ్యా?" అన్నాడాయన, స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ. "నేను మాత్రం? మొన్నటిదాకా పిల్లలకి వాలీబాల్ నేర్పుకునేవాణ్ణి."